రెండు వారాలు ఆగాల్సింది

ఈరోజు ఒకావిడ కూతురి పన్ను ఫిల్లింగ్ ముక్కని కాగితంలో చుట్టి తెచ్చింది. మూడు నెలల కిందట నేనే వేసింది. పుచ్చు తీస్తుంటే సూదిమొనంత రక్తపు చుక్క కనబడింది, నరం కాపాడాలని దాని మీద బయోడెంటిన్ అనే పంటి సిమెంటు పెట్టాను. "మాది దూరం డాక్టరమ్మా, ఇవాళే అయిపోగొట్టండి" అని ఆవిడ అడిగితే, 12 నిమిషాలు ఆగి, బిగుసుకుంది కదా అని పైన కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) వేసేశాను.

ముక్క తిరగేసి చూశాను. అడుగున గోడ సున్నంలా తెల్లటి పొర. గోటితో గీస్తే పొడి రాలింది. అంటే అతుకు ఊడలేదు, కింద సిమెంటే చీలింది.

బయోడెంటిన్‌లో ఉండేది ముఖ్యంగా ట్రైకాల్షియం సిలికేట్, ఇల్లు కట్టే సిమెంటుకి దగ్గర చుట్టం. స్లాబు పోసి నీళ్ళు పెట్టి ఎన్ని రోజులు ఆగుతాం! ఇదీ పైకి బిగుసుకున్నా లోపల గట్టిపడటం రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది. పచ్చిగా ఉండగానే యాసిడ్ పెట్టి కాంపోజిట్ అంటిస్తే, లైటు పడి కాంపోజిట్ గట్టిపడుతూ కుంచించుకునేటప్పుడు లాగే లాగుడికి పైపొర తట్టుకోలేదు. నాకు తెలియంది కాదు. తొందరపడ్డాను.

ఐసు పెట్టి చూశాను. పాప వెంటనే "జిల్లుమంది" అంది. నరం బతికే ఉంది, ప్రాణం లేచొచ్చింది. ఈసారి గుంట మొత్తం బయోడెంటిన్‌తోనే నింపాను. రెండు వారాలయ్యాక పైభాగం తగ్గించి కాంపోజిట్ వేస్తాను.

తప్పు నాదేనని వాళ్ళమ్మకి చెప్పాను. "పన్ను నిలబడిందిగా, వస్తాంలే అమ్మా" అంది.