నాన్న, నేను, అర అంగుళం

కారు తలుపు తీసి నాన్న కాసేపు లోపలికి చూశాడు. తర్వాత నా వంక తిరిగి, "ఇందులోకి ఎక్కాలా, దిగాలా?" అన్నాడు.

ఆయన మార్కాపురం ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. దోర్నాల ఘాట్ ఎక్కి దిగిన శ్రీశైలం బస్సుల కింద పడుకునే సగం జీవితం గడిపాడు. అలాంటి మనిషికి కారెక్కడం నేర్పాల్సి వచ్చింది: ముందు నడుం సీట్లో పడెయ్, తర్వాత కాళ్ళు లోపలికి లాక్కో. రెండోసారికి వచ్చేసింది గానీ, "నులకమంచం కింద దూరినట్టుందిరా" అని మాత్రం అనకుండా ఉండలేదు.

నాది 2003 మాజ్డా మియాటా. రెండే సీట్లు, టాపు వెనక్కి మడిచేయొచ్చు, బరువు వెయ్యి కిలోల పైచిలుకు. అట్లాంటా పైన కమ్మింగ్‌లో ఉంటాం. రోజూ ఆఫీసుకి ఇదే. రెండేళ్ళ కింద కంపెనీ షాకబ్జర్లు పీకేసి, ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన సెట్లు) వేశాను. అప్పట్నుంచీ దాన్ని ఎంత దింపాలన్నదే నా యావ. మొదట చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా 12 అంగుళాలకి దింపేశాను. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చూపుడువేలు కూడా పట్టేది కాదు. పార్కింగ్‌లో అటుగా పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఎనిమిది నెలలకి వెనక టైర్ల లోపలి అంచు తీగలు తేలేదాకా అరిగిపోయింది. బయటి నుంచి చూస్తే కొత్త టైర్లే! కారు కిందికి దిగితే చక్రాల తల లోపలికి వాలుతుంది, టో, అంటే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కూడా మారిపోతుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ చేయించుకోవాలి. చేయించలేదు. తప్పు నాదే. ఆ దెబ్బకి ముందూ వెనకా 12¾ అంగుళాలకి లేపి, అలైన్‌మెంట్ చేయించి, ఇంక ఇదే సరైన ఎత్తని తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానం నాన్న ఎక్కేదాకానే నిలిచింది.

అక్టోబరు, శనివారం పొద్దున. అమ్మ మనవరాలి దగ్గర ఉండిపోయింది. మా ఆవిడ పెద్ద కారు తీసుకెళ్ళమని చెప్పి చెప్పి విసిగి, చివరికి పులిహోర డబ్బా చేతికిచ్చింది. నాన్న సూట్‌కేసు, నా సంచీ, పనిముట్ల పెట్టె, మంచినీళ్ళ కేసు, డబ్బా సర్దేసరికి డిక్కీ నిండిపోయింది. వెళ్ళేది డీల్స్ గ్యాప్. నార్త్ కరోలినా, టెనెస్సీ సరిహద్దులో 129వ నంబరు రోడ్డు మీద 11 మైళ్ళలో 318 మలుపులున్న ముక్క అది. దాన్ని 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' అంటారు, డ్రాగన్ తోక అన్నమాట. చిన్న కార్ల వాళ్ళకీ మోటార్‌సైకిళ్ళ వాళ్ళకీ అది తిరుపతి.

డాలొనెగా దాటి బ్లడ్ మౌంటెన్ ఎక్కడం మొదలుపెట్టగానే ఆకుల రంగులు మొదలయ్యాయి. నేను ఆకులు చూస్తున్నాను. నాన్న వింటున్నాడు. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా, అందులో రోడ్డు కాస్త గుంత పడ్డచోటల్లా, ఆయన వెనకనుంచి 'దబ్' అని మొద్దు చప్పుడు. దాంతోపాటే కారు వెనకభాగం అర అడుగు పక్కకి గెంతినట్టు అనిపించేది.

"అదేంటి?"

"స్పోర్ట్స్ సస్పెన్షన్ నాన్నా, కాస్త గట్టిగా ఉంటుంది."

"గట్టిగా ఉండటం వేరు, దిమ్మకి కొట్టుకోవటం వేరు."

నేనేం మాట్లాడలేదు. ఆఫీసుకి పోయేటప్పుడు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు మరి.

కొండమీద నీల్ గ్యాప్ దగ్గర ఆగాం. అక్కడొక పాత రాతి కట్టడం ఉంది. అపలాచియన్ ట్రయిల్ అనే కాలిబాట ఆ కట్టడంలోంచే పోతుంది. ముందున్న చెట్టు నిండా బూట్లు వేలాడుతున్నాయి. జార్జియాలో నడక మొదలెట్టిన వాళ్ళలో కొందరు ఇక్కడికొచ్చేసరికే బూట్లు చెట్టుకి విసిరేస్తారట. నాన్న చెట్టును ఒక చూపు చూసి కారు వెనక్కి వెళ్ళాడు. రెండు చేతులూ డిక్కీ మీద పెట్టి అదిమాడు. కారు రెండు వేళ్ళంత కిందికి దిగి టక్కున ఆగింది. "చూశావా, ఇంతే ఉంది దీని ఆట" అన్నాడు.

అక్కణ్ణుంచి దిగి బ్లెయిర్స్‌విల్‌లో పెట్రోలు బంకులోకి తిరిగితే ముందు బంపరు కింది పెదవి 'కర్ర్' మని సిమెంటు నాకింది. ఎత్తు గట్లు ఎక్కేటప్పుడు ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కించాలని నాకు తెలుసు. వెనక కారు హారన్ కొడితే తిన్నగా పోనిచ్చాను.

మర్ఫీ, యాండ్రూస్, రాబిన్స్‌విల్ మీదుగా డీల్స్ గ్యాప్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాబిన్స్‌విల్ మోటెల్లో గది మూడింటికి గానీ ఇవ్వరు, అందుకని సామాను డిక్కీలోనే ఉంది. అక్కడ ఇంకో చెట్టు! దాన్ని 'ట్రీ ఆఫ్ షేమ్' అంటారు, సిగ్గు చెట్టు. ఈ మలుపుల్లో పడ్డ మోటార్‌సైకిళ్ళ ముక్కలు, విరిగిన అద్దాలు, సొట్టపోయిన ట్యాంకులు దానికి వేలాడదీస్తారు. "వేపచెట్టుకి ముడుపులు కట్టినట్టు కట్టారే" అన్నాడు నాన్న. చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ కూడా చేశాడు, ఏ ముక్క ఏ బండిదో చూడటానికి.

పులిహోర తిన్నాక నా పెట్టెలోంచి ప్లాస్టిక్ జిప్‌టై ఒకటి తీశాను. ఇదేం నా కనిపెట్టుడు కాదు, రేసుల వాళ్ళు ఎప్పట్నుంచో చేసేదే. వెనక కుడి షాకబ్జర్ రాడ్డుకి దాన్ని వదులుగా కాకుండా, బిగుసుకోకుండా కట్టాలి. చక్రం లేచినప్పుడల్లా షాకబ్జర్ గొట్టం ఆ టైని పైకి నెట్టుకుపోతుంది, దిగినప్పుడు టై అక్కడే ఉండిపోతుంది. చక్రం ఎక్కువలో ఎక్కువ ఎంతదాకా లేచిందో అదే సాక్ష్యం. రాడ్డు పైచివర రబ్బరు దిమ్మ, అదే బంప్‌స్టాప్, ఉంటుంది. నేనొక్కణ్ణే కూర్చుంటే గొట్టానికీ దిమ్మకీ మధ్య 20 మిల్లీమీటర్లు ఖాళీ. ఆ సంగతి అమర్చిన రోజే కొలిచి రాసుకున్నాను. నాన్న, సామాను ఎక్కాక ఎంతుంటుందో మాత్రం కొలవలేదు.

డ్రాగన్ గురించి చాలామంది చాలా గొప్పగా రాస్తారు. నాకు నచ్చింది ఒకటే. ఆ 11 మైళ్ళలో పక్కనుంచి వచ్చి కలిసే రోడ్లు గానీ, ఇంటి గేట్లు గానీ దాదాపు లేవు. ఒకవైపు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు, రెండోవైపు చెరోకీ అడవి. వేగ పరిమితి 30 మైళ్ళు. అదే ఎక్కువనిపిస్తుంది, స్టీరింగ్ తిన్నగా ఉండే క్షణమంటూ ఉండదు కాబట్టి. నాన్న తలుపు పిడి పట్టుకుని, ప్రతి మలుపుకీ తనే బ్రేకు తొక్కుతున్నట్టు కుడికాలు బిగిస్తూ కూర్చున్నాడు. ఎడమ మలుపుల్లో 'దబ్', 'దబ్'. బరువంతా బయటి చక్రం మీద, అంటే నాన్న వైపు చక్రం మీద పడుతోంది. దిమ్మకి ఆనగానే ఆ మూల ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది, టైరు పట్టు వదులుతుంది. అందుకే ఆ గెంతు. స్పోర్ట్స్ సస్పెన్షన్ అనుకుని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయిన గట్టిదనంలో సగం ఆ రబ్బరు దిమ్మదే కాబోలు.

టెనెస్సీ వైపు చివర ఆగి, చక్రం వెనకనుంచి చెయ్యి దూర్చి తడిమాను. టై దిమ్మ కిందికి పోయి, నలిగి, వంకరపోయింది. నాన్న అడగనైనా అడగలేదు.

సాయంత్రం రాబిన్స్‌విల్ మోటెల్లో మంచం మీద పడుకుని ఫోన్లో ఫొటోలు వెతికాం. ఆ మలుపుల దగ్గర ఫొటోలు తీసేవాళ్ళు కాచుకుని ఉంటారు. పోయే ప్రతి బండినీ తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఎర్ర మియాటా దొరికింది. నేను స్టైలుగా ఉన్నాననే అనుకున్నాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. "వెనక కూలబడింది. ముక్కు పైకి లేచింది. గడ్డిమోపు వెనక్కి జారిన బండిలా లేదూ?" నిజమే. వెనక కుడి టైరు పైభాగం మడ్‌గార్డు లోపలికి దూరిపోయింది. దారిలో ఎదురొచ్చిన పికప్పు పట్టపగలు నాకు లైటెందుకు కొట్టిందో అప్పుడర్థమైంది. వెనక దిగితే హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి లేస్తాయి, నావి పగలూ వెలుగుతూనే ఉంటాయి.

ఇంకా చీకటి పడలేదు. టేపు తీసి వెనక కొలిచాం. ఇంటిదగ్గర 12¾ ఉన్నది, నాన్నని సీట్లో కూర్చోబెట్టి, సామానుతో చూస్తే 12¼. అర అంగుళం. మొత్తం గొడవంతా ఆ అర అంగుళానిదే.

కాయిలోవర్లలో రెండు రకాలు. ఒకదాంట్లో కింది బ్రాకెట్టు వేరుగా తిరుగుతుంది. కారు దిగినా షాకబ్జర్ ఆట తగ్గదు (అప్పుడు టైరు మడ్‌గార్డుకి రాసుకోవచ్చు, అది వేరే బాధ). నాది రెండో రకం. స్ప్రింగు కూర్చున్న రింగును తిప్పడమే. ఎంత దింపితే అంత ఆట పోతుంది. ఎత్తితే తిరిగొస్తుంది. ఈ తేడా తెలిసే కొన్నానా అంటే, లేదు.

కారుతో వచ్చిన జాకీ పెట్టాను. "కింద ఏం పెట్టావ్?" అన్నాడు నాన్న. ఏం పెట్టలేదు. విప్పిన చక్రాన్ని తనే దొర్లించుకొచ్చి, కారు పక్క పట్టీ కిందికి పడుకోబెట్టి తోశాడు. జాకీ జారితే కారు చక్రం మీద పడుతుంది గానీ మనిషి మీద కాదు. "జాకీని నమ్మినోడు డిపోలో ఎవడూ లేడు" అన్నాడు. వంపు పానాతో లాక్ రింగు వదులు చేసి, పై రింగు ఆరు చుట్లు తిప్పాను. ఒక చుట్టుకి ఒకటిన్నర మిల్లీమీటరు, మొత్తం 9. స్ప్రింగు దగ్గర 9 పెంచితే చక్రం దగ్గర పన్నెండు, పదమూడు దాకా వస్తుంది, స్ప్రింగు చక్రానికి కాక దానికి ఇవతల ఉన్న సస్పెన్షన్ ఆర్మ్‌కి ఆని ఉంటుంది కాబట్టి. రెండోవైపూ అంతే. నాన్న పక్కన కూర్చుని చుట్లు పైకే లెక్కపెట్టాడు. మధ్యలో ఒకసారి, కమాన్ కట్టల బస్సుకి ఇదంతా ఉండదని, పట్టీ విరిగితే ఇంకో పట్టీ వేసి యూబోల్టు బిగించడమేనని చెప్పాడు. "కానీ బిగించేది మాత్రం బస్సు నేలమీద ఉన్నప్పుడు. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు మెలిపడి ఛస్తది." నా కారు బుష్షులు గాల్లోనే బిగించానని అప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

చక్రాలెక్కించి, స్ప్రింగులు సర్దుకోవడానికి పార్కింగ్‌లో రెండు చుట్లు తిప్పి కొలిస్తే ఖాళీ కారుకి వెనక 13¼, నాన్నతో 12¾.

ఆదివారం చెరోహాలా స్కైవే మీదుగా టెలికో ప్లెయిన్స్ దాకా పోయాం. అది 1996లో తెరిచిన కొండరోడ్డు, నలభై మైళ్ళ పైచిలుకు, పైన 5,300 అడుగులు దాటుతుంది. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అంత హాయిగా ఉంది. నాన్న కాసేపు నిద్రపోయాడు కూడా. మళ్ళీ డ్రాగన్ మీదుగా వెనక్కి వచ్చాం. 'దబ్' రెండుసార్లే వినిపించింది, రెండుసార్లూ మెత్తగా. కొత్త టై దిమ్మదాకా వెళ్ళి, అంచున ఆగి ఉంది.

ఇల్లు చేరాక మిగిలింది అలైన్‌మెంట్. మిషను దగ్గరికి తీసుకెళ్ళేలోపు టో ఎంత తప్పిందో గరాజులో దారాలు కట్టి చూద్దామనుకున్నాను. కారు మనుషులతో ఉన్నప్పుడు చూడాలి. పక్క సీట్లో నాన్న కూర్చున్నాడు. డ్రైవరు సీట్లో ఉండాల్సిన నేనేమో దారాలు పట్టుకుని నేలమీద ఉన్నాను. నా బరువు 160 పౌండ్లు. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు ఎనిమిది తెచ్చి సీట్లో పేర్చి, బెల్టు పెట్టాను. కౌంటర్లో ఆయన, అన్నదానమా అండీ అని అడిగాడు.

మా ఆవిడ గరాజు తలుపు తీసేసరికి నాన్న బియ్యం సంచుల పక్కన కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, ఏంటిది?"

"ఊపిరి గట్టిగా తీసుకోవద్దన్నాడమ్మా. కొలత మారిపోతుందంట."

నేనలా అనలేదు.