ఎర్ర దీపాల పెట్టె పోయాక

"ఈ మోడల్ తయారీ ఆగిపోయింది. మా దగ్గర విడిభాగాలు ఉన్నంత వరకు చూస్తాం." ఆఫీసు ఫోన్ల నిర్వహణ చూసేవారు పంపిన ఉత్తరంలో పనికొచ్చే వాక్యాలు ఈ రెండే. పద్దులు రాసుకునే నాకు ఆ ఉత్తరం ఎందుకు వచ్చిందంటే, చాలా ఏళ్ల కిందట ఒకసారి ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే ఆ ఎక్స్ఛేంజి పెట్టెను ఆపి మళ్లీ వేసి బాగుచేశాను. అప్పటి నుంచి ఫోన్లు నా నెత్తినే ఉన్నాయి.

మొదట పట్టించుకోలేదు. పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకని ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఒక సోమవారం ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా మూగబోయాయి. కార్డు కాలిపోయిందన్నారు. మూడో రోజుకు ఎక్కడినుంచో పాత కార్డు తెచ్చి వేశారు. దాని అంచున ఎవరిదో చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది: "3వ సమావేశ గది". ఏ ఆఫీసులోనో విప్పేసిన ఎక్స్ఛేంజి చేసిన అవయవదానం అది. ఆ చీటీ చూశాకే నాకు భయం పట్టుకుంది.

పెట్టె పోతే పెట్టె ఒక్కటే పోదు. మా 32 సెట్లలో 26 ఆ తయారీదారు సొంత డిజిటల్ సెట్లు. అవి ఆ పెట్టెతో తప్ప మరి దేనితోనూ మాట్లాడవు. మిగిలిన ఆరూ మామూలు అనలాగ్ సెట్లు కాబట్టి వాటిని గేట్‌వే అనే మార్పిడి డబ్బా పెట్టి ఏ కొత్త వ్యవస్థకైనా కలుపుకోవచ్చు. అందుకే మొదటి షరతు అప్పుడే రాసుకున్నాను: సిప్ పద్ధతిలో, అంటే నెట్‌వర్క్ ఫోన్ల ఉమ్మడి భాషలో, పనిచేసే ఏ కంపెనీ సెట్టునైనా కలుపుకోగలగాలి. మరోసారి ఒకే గుమ్మానికి కట్టుబడి ఉండే ఓపిక నాకు లేదు.

ముగ్గురు అమ్మకందార్లు వచ్చి చూపించారు. మొబైల్ యాప్, వీడియో, వాయిస్ మెయిల్ ఈమెయిల్లోకి రావడం, రంగురంగుల నివేదికలు. నేను నలభై అంశాల పట్టిక గీసి మార్కులు వేశాను. ముగ్గురికీ దాదాపు సమానంగా వచ్చాయి. అంటే లోపం నా పట్టికలోనే ఉంది.

మర్నాడు పట్టిక పక్కన పడేసి, రిసెప్షన్‌లో కూర్చునే మా సహోద్యోగి పక్కన కుర్చీ వేసుకుని ఒక పూటంతా గడిపాను. ఆవిడ ఎదుట ఎర్ర దీపాల వరుస ఉంటుంది. ఎవరి దీపం వెలిగి ఉంటే వాళ్లు ఫోనులో ఉన్నట్టు. బయటి మనిషి ఫలానా వారు కావాలని అడగగానే ఆవిడ ఒక్క మీటా నొక్కకుండా, దీపం వంక చూసి "మాట్లాడుతున్నారండీ, రెండు నిమిషాల్లో చేయండి" అంటారు. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియకపోతే కాల్‌ను ఆపి, స్పీకర్లో "స్టోరుకు మూడో లైనులో ఫోను" అని పిలుస్తారు. స్టోరువాళ్లు మెట్ల దగ్గర ఉన్నా, ప్యాకింగ్ గదిలో ఉన్నా, దగ్గరున్న సెట్టు ఎత్తి మూడో మీట నొక్కుతారు. గంటలో పదకొండు సార్లు ఇలా జరిగింది. నా పట్టికలో దీనికి గడి లేదు.

ఆ ముగ్గురినీ మళ్లీ పిలిచి ఈ ఒక్క పని చేసి చూపించమన్నాను. అప్పుడే అసలు సంగతి బయటపడింది. కొత్త వ్యవస్థల్లో "మూడో లైను" అనేదే ఉండదు. నా సెట్టులో హోల్డ్ చేసిన కాల్‌ను మామూలుగా నేనే తీయాలి. దానికి బదులు కాల్‌ను ఒక పార్కింగ్ నంబరులో వదిలిపెట్టే ఏర్పాటు ఉంటుంది; అక్కడి నుంచి ఎవరైనా ఏ సెట్టులోనైనా తీసుకోవచ్చు. ఒకాయన "ఇప్పుడు అలా ఎవరూ వాడడం లేదు సర్" అన్నారు. ఇంకొకరు కనుక్కుని చెబుతామన్నారు. మూడో ఆయన మాట్లాడకుండా పది నిమిషాలు టకటకలాడించి, అన్ని సెట్లలోనూ పార్క్ 1, 2, 3 అని మూడు మీటలు పెట్టారు. ఒకచోట కాల్ వదలగానే అన్ని సెట్లలోనూ ఆ దీపం వెలిగింది. మా సహోద్యోగి చూసి, "పేర్లు తీసేసి ఒకటో లైను, రెండో లైను అని పెట్టించండి, నేను ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు" అన్నారు. నా నిర్ణయం అక్కడే అయిపోయింది.

క్లౌడ్, అంటే పెట్టె మన దగ్గర లేకుండా ఇంటర్నెట్ మీద సెట్టుకింత అని అద్దెకిచ్చే వ్యవస్థ, తీసుకోలేదా అని చాలామంది అడిగారు. అది చెడ్డదేమీ కాదు. తలా ఒక సెట్టు ఉండి, మనుషులు తిరుగుతూ పనిచేసే చోట నేనూ దాన్నే ఎంచుకునేవాణ్ని. మాకు మాత్రం సగం సెట్లు గోడలకు, మెట్లకు, స్టోరుకు ఉన్నాయి. రోజుకు రెండుసార్లు మోగే సెట్టుకు నెలనెలా అద్దె ఎందుకు? ఆఫీసులోనే ఉండే పెట్టె, ఆస్టరిస్క్ మీద నడిచేది తీసుకున్నాం. ఆస్టరిస్క్ కథ నాకు భలే నచ్చింది. మార్క్ స్పెన్సర్ అనే కుర్రవాడు తన చిన్న కంపెనీకి ఫోన్ల వ్యవస్థ కొనే స్తోమతు లేక, 1999లో తనే రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది.

కాల్‌కు ఇంటర్నెట్ ఎంత కావాలన్నది పెద్ద బెంగ కాదు. మాటను కుదించకుండా జి.711 అనే పద్ధతిలో పంపినా ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు చాలు. పది కాల్స్ కలిపినా ఒక మెగాబిట్ దాటవు. కంప్యూటర్ల బ్యాకప్ ఇంటర్నెట్‌లోకి ఎక్కే వేళ మాట ముక్కలైతేనే చిక్కు. ఫోన్లకు విడి వీలాన్ (అదే తీగల మీద వేరుచేసిన నెట్‌వర్క్), రూటరులో మాటకు ముందు దారి పెట్టాక అది తీరింది.

కరెంటు విషయంలో మాత్రం బోల్తా పడ్డాను. పాత పెట్టె తన బ్యాటరీల నుంచి అదే తీగ మీద సెట్లకు కరెంటు కూడా పంపేది. కొత్త సెట్లకు కరెంటును నెట్‌వర్క్ స్విచ్, అంటే నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే డబ్బా, ఇస్తుంది. స్విచ్‌ను, పెట్టెను, రూటరును యూపీఎస్‌కు కలిపి, శనివారం సాయంత్రం ధైర్యంగా మెయిన్ ఆపాను. సెట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. లోపల ఒకరికొకరు మాట్లాడుకున్నాం. బయటికి మాత్రం ఒక్క కాల్ వెళ్లలేదు. ఇంటర్నెట్ ఇచ్చేవారి చిన్న డబ్బా మూలన మామూలు ప్లగ్గులో ఉంది!

పాత నంబర్లు కొత్త లైనుకు మారేదాకా పాత కనెక్షన్ రద్దు చేయలేదు. ముందే రద్దు చేస్తే నంబరు చేజారిపోవచ్చు. పెట్టె కూడా రెండు వారాలు పక్కనే నడిచింది. ఆలోగా తీగలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కడికి పోతున్నాయో రాశాను. నాలుగింటికి పేరు లేదు. ఒకటి ఫ్యాక్స్. ఒకటి అగ్నిప్రమాద హెచ్చరిక యంత్రానిది. దాన్ని కొత్త వ్యవస్థకు కలపకుండా విడి లైను ఉంచాం. మూడోది లిఫ్టులో ఉండే అత్యవసర ఫోను. లిఫ్టు ఎక్కి మీట నొక్కితే గానీ తెలియలేదు. తెలియకుండా పీకేసి ఉంటే, ఎవరో లోపల ఇరుక్కున్న రోజున తెలిసేది.

నాలుగోది ఎవరిదో తేలలేదు. చివరికి పెట్టె ఆపేశాను. ఇన్నేళ్లుగా గోడ అల్మారాలోంచి వినిపించే ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత పై అంతస్తు వాచ్‌మన్ దిగొచ్చి నిలబడ్డాడు. "సార్, నా ఫోను సోమవారం నుంచి మోగడం లేదండీ."