కాలదోషం పట్టిన ఫిర్యాదు: నా అనుభవం

నాకు పదమూడేళ్లప్పుడు మా విచారణ (కతోలిక పారిష్) గురువు నా మీద జరిపిన లైంగిక హింసను నేను కాగితం మీద పెట్టింది యాభయ్యో ఏట. ముందు వెళ్లింది మేత్రాసనానికి (పీఠాధిపతి, అంటే బిషప్, పరిధిలోని చర్చి పాలనకు) కాదు, వకీలు దగ్గరికి. ఆ వరుసే మంచిదయిందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పోలీసు ఫిర్యాదు, నష్టపరిహారపు దావా, శ్రీసభ (కతోలిక చర్చి) సొంత న్యాయవిచారణ వేర్వేరు దారులని, ఒకదాన్ని పట్టుకున్నంత మాత్రాన మిగతావి వదులుకున్నట్టు కాదని ఆమె మొదటే చెప్పారు. నేరం జరిగిన నాటి చట్టాన్ని బట్టి నా విషయంలో పోలీసు కేసుకు కాలదోషం పట్టింది, అంటే కేసు పెట్టే గడువు దాటిపోయింది. వాంగ్మూలం మాత్రం రాసుకున్నారు. దావా ఆ గురువు మీదే కాక, సంగతి తెలిసీ ఆయనను మరో పారిష్‌కు మార్చిన మేత్రాసనం మీద కూడా వేయవచ్చు గాని, గడువు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. న్యూయార్క్‌లో పాత కేసులకు 2019 ఆగస్టు 14న మొదలైన వెసులుబాటు 2021 ఆగస్టు 14తో ముగిసిపోయింది. అందుకే గడువు లెక్క తేలేదాకా పరిహారం పేరుతో వచ్చే ఏ కాగితం మీదా సంతకం చేయవద్దని ఆమె గట్టిగా చెప్పారు.

ఫిర్యాదు రాయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. చోటు, కాలం, మనుషుల వివరాలు వీలైనంత స్పష్టంగా ఉండాలి. పూజావస్త్రాల గదిలోని మైనపు వాసన గుర్తుంది గాని, ఏ సంవత్సరమో గుర్తు లేదు. చివరికి మా చెల్లెలి జ్ఞానస్నాన పత్రం దొరికింది. దాని అడుగున ఆయన సంతకం, పక్కనే తేదీ. ఆయన ఆ రోజుల్లో ఆ పారిష్‌లోనే ఉన్నారనడానికి అంతకన్నా మంచి రుజువు నా దగ్గర లేదు.

మేత్రాసనంలో ఫిర్యాదు తీసుకున్న అధికారి, ఈ సంగతి బయట మాట్లాడనని రాసి ఉన్న పత్రం ఒకటి నా ముందు పెట్టారు. పోప్ ఫ్రాన్సిస్ 2019లో వెలువరించిన 'వోస్ ఎస్తిస్ లూక్స్ ముందీ' శాసనం ప్రకారం ఫిర్యాదు చేసినవారి మీద అలాంటి మౌన నిబంధన పెట్టడానికి వీల్లేదు. ఆ మాట చెప్పాను. పత్రం మారు మాట్లాడకుండా సొరుగులోకి వెళ్లిపోయింది.

శ్రీసభ చట్టంలోనూ కాలదోషం ఉంది. 2010 నియమాల ప్రకారం బాధితుడికి పద్దెనిమిదేళ్లు నిండాక ఇరవై ఏళ్ల వరకే గడువు, అంటే నా లెక్కన అది ముప్పై ఎనిమిదో ఏటే దాటిపోయింది. అయితే వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగానికి ఒక్కో కేసును చూసి ఆ గడువును పక్కన పెట్టే అధికారం ఉంది. అందుచేత గడువు దాటిందన్న కారణంతో పీఠాధిపతి ఫిర్యాదును తన దగ్గరే ఆపేయకుండా, ప్రాథమిక విచారణ జరిపించి రోముకు పంపించాలి. నా కాగితాలు అలాగే వెళ్లాయి, గడువు మినహాయింపు కూడా దొరికింది. అదృష్టవశాత్తు అనడానికి నోరు రాదు గాని, నిందితుడు ఇంకా బతికే ఉన్నారు. ఆయన చనిపోయి ఉంటే శ్రీసభ శిక్షా విచారణ ముందుకు సాగేదే కాదు.

నన్ను అన్నిటికన్నా కష్టపెట్టింది ఆ తరువాతి నిరీక్షణ. ఈ విచారణలో బాధితుడు కక్షిదారు కాదు. నన్ను ఒక్కసారి పిలిచి ప్రశ్నలు అడిగారు, అంతే. ఆయన ఇచ్చిన జవాబేమిటో, ఎవరెవరు సాక్ష్యం చెప్పారో నాకు తెలియనివ్వలేదు. రెండేళ్ల తరువాత, నేను రాసి అడిగితే, ఆయనను గురుత్వ హోదా నుంచి తొలగించారని మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. తీర్పు ప్రతి ఇవ్వమన్నాను, ఇవ్వలేదు.

ఆ ఉత్తరాన్ని, జ్ఞానస్నాన పత్రం నకలును వకీలు దావా కాగితాలకు జత చేశారు. మేత్రాసనం దగ్గరున్న ఆయన బదిలీ ఉత్తర్వులు తెప్పించమని కోర్టును కోరాము. వచ్చే వాయిదాకు దాని మీద వాదనలున్నాయి.