1.72 ఉన్నా 1.5 రాదు

మధ్యాహ్నం చూసిన ఒక స్లైడ్ ఇంకా బుర్రను తొలుస్తోంది. ఎంటాంగిల్‌మెంట్ ఎంట్రోపీ (రెండు క్వాంటం కణాల మధ్య ముడి, అంటే ఎంటాంగిల్‌మెంట్, ఎంతుందో చెప్పే అంకె) ఎక్కువున్న స్థితిని తక్కువున్న స్థితిగా ఎప్పుడైనా మార్చుకోవచ్చట. ఎన్ని కాపీలు చేతిలో ఉంటే? ఆ ఒక్క ముక్కా రాయలేదు.

లెక్క చూడండి. ఇద్దరి మధ్య పంచిన ఒక స్థితి, దాని ష్మిట్ సంభావ్యతలు (ఇద్దరి కొలతల్లో జతగా వచ్చే ఫలితాల అవకాశాలు) 0.4, 0.4, 0.1, 0.1. ఎంట్రోపీ 1.72 ఈబిట్లు (పూర్తిగా ముడిపడ్డ ఒక క్యూబిట్ జంట, అంటే క్వాంటం బిట్ల జంట, ఒక ఈబిట్). కావలసింది 0.5, 0.25, 0.25, దానికి 1.5 చాలు. ఐనా ఎవరి ల్యాబులో వాళ్లు ఏం చేసినా, ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా, ఖాయంగా మార్చలేరు. 1999లో నీల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త తేల్చిన షరతు అలాంటిది. పెద్ద అంకె నుంచి కూడుకుంటూ పోతే ఏ మెట్టు దగ్గరా మొదటి స్థితి మొత్తం రెండోదాన్ని దాటకూడదు. మొదటి మెట్టు 0.4కి 0.5, పర్లేదు. రెండోది 0.8కి 0.75. అక్కడే తన్నింది. చివరి రెండు అంకెల మొత్తం 0.2ని అవతలి 0.25తో భాగిస్తే 80 శాతం. అంతకు మించి అవకాశం లేదు.

ఈ అంకెలు జొనాథన్, ప్లెనియో అనే శాస్త్రవేత్తల పేపర్లోవి, అదే ఏడాదివి. ఆ పేజీ మార్జిన్లో పెన్సిలుతో కూడికలు వేసుకున్నది బాగా గుర్తుంది. 0.6, 0.4 ఉన్న మరో జంటను అరువు తెచ్చి పక్కన పెడితే మార్పు నూటికి నూరుపాళ్లూ జరుగుతుంది, అరువు జంట చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. గుణించాక ఇటు 0.24, 0.24, 0.16, 0.16, అటు 0.30, 0.20, 0.15, 0.15. మెట్లు 0.48కి 0.50, 0.64కి 0.65, నాలుగో మెట్టు దగ్గర రెండు పక్కలా 0.80. వెంట్రుకవాసిలో గట్టెక్కింది!

ఇదంతా రాశాక ఎంట్రోపీ మీద కోపం చల్లారింది. బోలెడు కాపీలుంటే ఆ అంకెకు తిరుగులేదు. 0.9, 0.1 స్థితినే తీసుకోండి: జంటలో రెండు క్యూబిట్లూ 0గా తేలే అవకాశం 0.9, రెండూ 1గా తేలే అవకాశం 0.1. ఒక్కోదాన్నీ విడిగా వడగడితే, అంటే పూర్తిగా ముడిపడ్డ జంటగా మారితేనే ఉంచుకుంటే, వెయ్యికి సగటున 200 పూర్తి ఈబిట్లు దక్కుతాయి. 1996లో బెనెట్ బృందం చెప్పినట్టు అన్నిటినీ కలిపి పట్టుకుంటే, కాపీలు పెరిగేకొద్దీ రాబడి వెయ్యికి 469 వైపు వెళ్తుంది. మొత్తంలో 1లు ఎన్నో మాత్రమే కొలవాలి. ఏ క్యూబిట్‌లో 1 ఉందో బయటపడిందా, ఎంటాంగిల్‌మెంట్ పోయినట్టే.

అసలు బాధ నాయిజ్ (బయటి అలజడి) పట్టిన జంటలతో. అక్కడ జంటలో ఒక్క వైపే చూసి లెక్కేసే ఈ ఎంట్రోపీ కొలమానమే కాదు, ఎంటాంగిల్‌మెంట్ బొత్తిగా లేకపోయినా అది పెద్దగా కనిపిస్తుంది. వెర్నర్ రూపంలో (తప్పు అన్ని రకాలకూ సమానంగా పంచిన రూపం), 0.75 ఫిడెలిటీతో (ఆదర్శ జంటకు ఎంత దగ్గరో చెప్పే అంకె, పూర్తిగా సరిపోతే 1) ఉన్న జంటలను రెండేసి తీసుకుని, ఇరువైపులా సీనాట్ (ఒక క్యూబిట్ 1 అయితే రెండోదాన్ని తిప్పే గేటు) వేసి, రెండో జంటను కొలిచి, ఫలితాలు కలిస్తేనే మొదటిది ఉంచుకోవాలి. కలిసేది 72 శాతం సార్లు. అంటే 100 జంటలు పెడితే మిగిలేవి దాదాపు 36, ఫిడెలిటీ 0.79 దగ్గరే. గేట్లలో ఏ తప్పూ లేకుంటేనే సుమా! 0.5 దగ్గర మొదలుపెడితే ఎన్ని రౌండ్లు తిప్పినా 0.5 దగ్గరే ఉంటుంది. ఇక హొరొడెస్కీ అనే ఇంటిపేరున్న శాస్త్రవేత్తలు 1998లో చూపిన బంధిత స్థితులైతే, తయారీకి ఎంటాంగిల్‌మెంట్ ఖర్చవుతుంది కానీ వాటి నుంచి ఒక్క ఈబిట్ కూడా వెనక్కి రాదు.