తోడు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది: ఆసుపత్రి నుంచి కోర్టు దాకా నా అనుభవం

మా మండలంలో ఎవరిమీదైనా అత్యాచారం జరిగిందని తెలిస్తే, మహిళా సంఘం తరఫున ఆమెతో ఆసుపత్రికి, స్టేషన్‌కి, కోర్టుకి వెళ్ళేది నేను. ఊళ్ళో సలహాలిచ్చేవాళ్ళకు కొదవ ఉండదు, పక్కన కూర్చునేవాళ్ళే దొరకరు. ఈ పనిలో నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: జరిగిందంతా ఆమె ఎంతమందికి చెప్పాల్సి వస్తోంది? మేనత్తకి, సర్పంచికి, ఆశా కార్యకర్తకి, వార్తలు రాసే కుర్రాడికి, స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌కి, ఎస్సైకి, డాక్టరుకి, మెజిస్ట్రేటుకి. వీళ్ళలో కేసు కోసం నిజంగా చెప్పాల్సింది డాక్టరుకి, ఫిర్యాదు రాసుకునే అధికారికి, మెజిస్ట్రేటుకి, ఆ తర్వాత విచారణలో కోర్టుకి. మిగతావాళ్ళని మర్యాదగా గుమ్మం బయటే ఆపడం నా పని. నేనైనా సరే, వివరాలు అడగను. "ఎప్పుడు జరిగింది, దెబ్బలేమైనా తగిలాయా" అన్న రెండు మాటలు చాలు, ఎటు బయల్దేరాలో తెలిసిపోతుంది.

బయల్దేరేది ముందు ఆసుపత్రికి. ఎఫ్ఐఆర్ లేందే డాక్టరు చూడరని ఊళ్ళల్లో గట్టి నమ్మకం. అది తప్పు. ఆమె నేరుగా వెళ్ళినా పరీక్ష చేయాలి, ఎమ్మెల్సీ (పోలీసు కేసుకి సంబంధించిన వైద్యం) రిజిస్టర్లో రాయాలి, పోలీసులకు కబురు వాళ్ళే పంపుతారు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ చెబుతోంది. చేయకపోతే న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 200వ సెక్షన్ కింద అది నేరం. క్యాజువాలిటీలో "ముందు స్టేషన్ నుంచి లెటర్ తెండి" అంటే నేను గొడవ పెట్టుకోను. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమంటాను. సాధారణంగా అక్కడితో దారికొస్తారు.

తొందర ఎందుకంటే గంటల లెక్క ఉంది. హెచ్ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. గర్భం రాకుండా వేసే మాత్ర కూడా 72 గంటల్లోపే బాగా పనిచేస్తుంది, దాటినా 5 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఒంటి మీద నుంచి తీసే నమూనాలు 96 గంటల దాకా తీస్తారు కానీ, ఆలస్యమయ్యేకొద్దీ దొరికేది తగ్గిపోతుంది. వీలైతే స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా రమ్మంటాం. స్నానం చేసేసినా, బట్టలు ఉతికేసినా వెళ్ళాల్సిందే. "అయ్యో, అంతా పోయింది" అని ఆమె ముందు ఎవరూ అనకూడదు.

ఇక సంచిలో ఏముండాలి? ఒక జత బట్టలు, లోపలివి కూడా, ఎందుకంటే ఒంటి మీదవి ఆసుపత్రిలోనే ఉంచేసుకుంటారు. నీళ్ళు, బిస్కెట్లు, ప్యాడ్లు, కొన్ని కాగితం కవర్లు. ఆమె అప్పటికే బట్టలు మార్చుకుని ఉంటే, విప్పినవాటిని దులపకుండా, తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కో గుడ్డని ఒక్కో కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే చెమ్మకి బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. అన్నీ ఒకే కవర్లో వేస్తే ఒకదాని మరక ఇంకోదానికి అంటుకుంటుంది. ఇంత చిన్న విషయం దగ్గరే మంచి సాక్ష్యాలు పోతుంటాయి.

పరీక్షకు ముందు ఒప్పుదల ఫారం వస్తుంది. అందులో అడిగేది మూడు వేర్వేరు విషయాలు: వైద్యపరీక్షకి, సాక్ష్యం కోసం నమూనాలకి, పోలీసులకి చెప్పడానికి. దేనికైనా వద్దనే హక్కు ఆమెకుంది, వద్దన్నంత మాత్రాన వైద్యం ఆపకూడదు. పోలీసులకి వద్దన్నా ఆసుపత్రి కబురు పంపాల్సిందే, ఆమె వద్దందని మాత్రం అందులో రాయాలి. హడావుడిలో నర్సు మూడింటికీ కలిపి ఒక్క సంతకం తీసుకుంటుంది. అక్కడ నేను ఫారం తీసుకుని ఒక్కో ముక్కా చదివి వినిపిస్తాను. పన్నెండేళ్ళు దాటిన పిల్ల అయితే తన ఒప్పుదల తానే చెప్పాలి. బాలికను పరీక్ష చేయాల్సింది మహిళా డాక్టరే.

రెండు వేళ్ళ పరీక్ష (యోనిలో వేళ్ళు పెట్టి, ఇంతకుముందు సంభోగం జరిగిందా అని చూడడం) చెల్లదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2022 అక్టోబరులో మరోసారి, అది చేయడాన్ని దుష్ప్రవర్తన కింద పరిగణించాలంది. అయినా రిపోర్టులో "సంభోగానికి అలవాటు పడినట్టు" అన్న అర్థం వచ్చే వాక్యం అప్పుడప్పుడూ దూరుతుంటుంది. అది కనిపిస్తే అక్కడే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి, తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. గాయాలు లేవని రాస్తే కంగారుపడక్కర్లేదు. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి చట్టంలో చోటు లేదు. రిపోర్టు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఎమ్మెల్సీ నంబరు మాత్రం ఆసుపత్రి దాటకముందే రాసుకోండి, నెలల తర్వాత అన్నీ దాని మీదే వెతకాలి.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు వేరు. గర్భనిరోధక మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతైతే మళ్ళీ వేసుకోవాలి. హెచ్ఐవీ మందు 28 రోజులూ వాడాలి, కానీ వికారం, నీరసం వచ్చి నాలుగైదు రోజులకే మానేసేవాళ్ళు ఎక్కువ. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) జిల్లా కేంద్రంలో ఉంటే, కోర్సు మొత్తం ఒకేసారి ఇవ్వమని అడగాలి, బస్సు ఛార్జీలు లేక ఆగిపోయిన కోర్సులే ఎక్కువ. నెలసరి రాకపోతే వెంటనే పరీక్ష చేయించాలి. అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని 24 వారాల వరకు కోర్టుకు వెళ్ళకుండానే తీయించుకోవచ్చు, 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి.

ఇక స్టేషన్. "మా పరిధి కాదమ్మా" అనే మాటకు జవాబు జీరో ఎఫ్ఐఆర్. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని, తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఫిర్యాదు మహిళా అధికారి రాసుకోవాలి. వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. రాసుకోకపోవడం న్యాయ సంహిత 199 కింద నేరం, 6 నెలల నుంచి 2 ఏళ్ళ శిక్ష. అప్పటికీ కదలకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, ఆపైన మెజిస్ట్రేటు. పోస్టాఫీసు రసీదు పారేయకూడదు.

అసలు ప్రమాదం రాత దగ్గరుంది. రైటర్‌కి చేయి తిరిగిన భాష ఒకటుంటుంది. ఆమె "మోటారు షెడ్డు దగ్గర నన్ను లాగాడు, నాకు నోట మాట రాలేదు" అంటే, కాగితం మీద "సదరు ముద్దాయి నా ఇష్టమునకు విరుద్ధముగా బలవంతము చేయగా నేను బిగ్గరగా కేకలు వేయగా" అని పడుతుంది. కేకలు ఆమె వేయలేదు. రేపు మెజిస్ట్రేటు ముందు నిజమే చెబుతుంది, ఎల్లుండి డిఫెన్స్ వకీలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆమెనే అబద్ధాలకోరంటాడు. అందుకే సంతకానికి ముందు మొత్తం చదివించుకోవాలి. ఆమె అనని మాట ఒక్కటున్నా కొట్టేయించాలి. తేదీ తెలియకపోతే ఊహించి వేయొద్దు, "సంక్రాంతికి ముందు వారం, తేదీ గుర్తులేదు" అని రాయించాలి. ఆలస్యంగా వచ్చి ఉంటే ఎందుకు ఆలస్యమైందో ఆ ఫిర్యాదులోనే ఉండాలి: చంపుతానన్నాడని, అమ్మ ఊళ్ళో లేదని, ఏదైతే అది. ఎస్సీ, ఎస్టీ అయితే కులం మొదటి కాగితంలోనే పడాలి. అట్రాసిటీ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ చేయాలి, పరిహారం కూడా విడిగా వస్తుంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల మీద నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్. కాబట్టి పిల్ల నోరు తెరిచే ముందే "ఇది నా దగ్గర దాచుకోలేనమ్మా" అని చెప్పాలి. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు. పిల్లల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో రాకూడదు, రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లోపు పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. కేసు అయ్యేదాకా పిల్లకి తోడుండే సపోర్ట్ పర్సన్‌ని నియమించేది ఆ కమిటీయే, వాళ్ళంతట వాళ్ళు వేయకపోతే అడగండి. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం తరహాలో వాంగ్మూలం, కౌన్సెలింగ్, వైద్యం ఒకే కప్పు కింద దొరికితే పిల్లని ఊరంతా తిప్పే బాధ తప్పుతుంది. లేనిచోట సఖి కేంద్రం ఉంటుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే దారి చెబుతారు. పిల్లలకి 1098.

ఈలోగా పెద్దమనుషులు దిగుతారు. డబ్బిస్తామంటారు, పెళ్ళి చేస్తామంటారు, పరువు గురించి ఉపన్యాసమిస్తారు. అత్యాచారం కేసు రాజీ పడే కేసు కాదు. పంచాయితీకి వెళ్ళి వాదించడం దండగ, పైగా అక్కడ కూర్చుంటే మనమూ ఒప్పుకున్నట్టే చెప్పుకుంటారు. ఎవరొచ్చారు, ఎప్పుడు, ఏమన్నారు అన్నది ఆ రోజే రాసి దర్యాప్తు అధికారికి ఇస్తాను. బెదిరింపులుంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో పేరు పెట్టకపోయినా, "ఫలానా వీధి, ఫలానా ఆయన రెండో కూతురు" అని పెడితే గుర్తింపు బయటపెట్టినట్టే. దానికి 2 ఏళ్ళ దాకా జైలు. సానుభూతితో కొవ్వొత్తుల ఫొటో పెట్టేవాళ్ళే తెలియక ఈ పని చేస్తుంటారు.

మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలానికి, అదే పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో ఇప్పటికీ అందరూ వన్ సిక్స్‌టీ ఫోర్ అంటున్నదానికి, ఏం చెప్పాలో నేర్పించకూడదు. గది ఎలా ఉంటుందో, ఎవరెవరు ఉంటారో, ఏడుపొస్తే ఆగమని అడగొచ్చని, తెలియనిది తెలియదని చెప్పొచ్చని, ఇంతవరకే. ఆ వారంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పరిహారానికి అర్జీ పెట్టిస్తాను. శిక్ష పడేదాకా ఆగాలనుకుంటారు, అక్కర్లేదు, మధ్యంతర పరిహారం ముందే అడగొచ్చు. నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2018 పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు అని ఉంది. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి, అన్న పేరు మీదో మామయ్య పేరు మీదో కాదు.

నివారణ అంటే ఊరేగింపులనే చాలామంది అనుకుంటారు. మాకు ఎక్కువ పనికొచ్చింది బడులు, హాస్టళ్ళు, ట్యూషన్ సెంటర్ల దగ్గరికెళ్ళి సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ అయిందా అని అడగడం. 2020 పోక్సో నియమాల ప్రకారం అది తప్పనిసరి. డ్రైవరు, వాచ్‌మన్, వంటమనిషి కూడా అందులోకి వస్తారు.

కేసు విచారణకొచ్చేసరికి ఆమెకి పెళ్ళయి ఉండొచ్చు, నంబరు మారి ఉండొచ్చు. సమన్లు పాత చిరునామాకు వెళ్ళి తిరిగొస్తే సాక్షి దొరకలేదని రాసుకుంటారు. కొత్త చిరునామా ఎప్పటికప్పుడు కోర్టు కానిస్టేబుల్‌కీ పీపీకీ (ప్రభుత్వ వకీలుకి) రాసివ్వాలి, అత్తగారింటికి యూనిఫాంలో రావద్దని కూడా అందులోనే రాయాలి. వాయిదా ముందు రోజు పీపీ దగ్గర కూర్చుని ఆమె పాత వాంగ్మూలాలు ఒకసారి చదివించుకోవాలి. విచారణ మూసిన గదిలో జరగాలి. ముద్దాయి కంటపడకుండా తెర కావాలంటే ఆ రోజు పొద్దున కాదు, ముందే మెమో వేయించాలి. రానూపోనూ ఛార్జీలు కోర్టు ఇస్తుంది, సాక్ష్యం అయ్యాక బెంచి క్లర్కుని అడిగి రాయించుకోండి.