పడుకోబెట్టి చూస్తే అంతా నార్మలే

ఒడిశాలోని మా రాయగడలో ఒంట్లో బాగోలేదంటే ముందు మలేరియాకి రక్తం తీస్తారు, వెంటనే టైఫాయిడ్‌కి వైడాల్ పరీక్ష. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి మొదటిది సబబే. వైడాల్‌లో అంకె కాస్త పెరిగిందని వారం రోజులు యాంటీబయోటిక్ వాడాను. టైఫాయిడ్ తరచూ వచ్చే చోట ఒక్క వైడాల్‌తో తేల్చకూడదు, పాత జ్వరం జాడ కూడా అందులో కనబడుతుంది. అసలు నాకు జ్వరమే లేదు. లేచి నిలబడిన నాలుగైదు నిమిషాలకి గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం, కాళ్ళు తేలిపోవడం. కూర్చుంటే తగ్గేది, పడుకుంటే పూర్తిగా పోయేది.

దారి తప్పింది ఒక్క మాట దగ్గర. మా ఊరి డాక్టరుతో ఒడియాలో 'ముండొ బులాఉచి' (తల తిరుగుతోంది) అన్నాను. గది గిర్రున తిరిగినా అదే మాట, కళ్ళు చీకట్లు కమ్మినా అదే మాట. చీటీ మీద వెర్టైగో, అంటే గది గిర్రున తిరిగే బాధ అని పడింది. ఆ చీటీతో విశాఖ వెళ్తే నేరుగా ఈఎన్‌టీకి పంపారు. చుట్టూ ఉన్నవి తిరుగుతున్నట్టుంటే చెవిని అనుమానించాలి, నిలబడినప్పుడే స్పృహ తప్పేట్టుంటే బీపీనీ నాడినీ చూడాలి. రెండూ వేరు. పైగా తిరుగుడుకని రాసిన ప్రోక్లోర్‌పెరజైన్ నిలబడినప్పుడు బీపీని ఇంకా దించగలదు, నెలల తరబడి వాడితే చేతులు వణికే ఇబ్బందీ రావచ్చు. నేను దాన్ని ఏడు వారాలు మింగాను.

తర్వాత గుండె డాక్టరు, నరాల డాక్టరు. ఈసీజీ, ఎకో, తలకి ఎమ్మారై, అన్నీ నార్మల్. 'టెన్షన్ తగ్గించుకోండి' అని ఒక చీటీ. ఇంటికొచ్చి ఫైలు తిరగేస్తే అప్పుడు వెలిగింది: ఈసీజీ పడుకోబెట్టి తీశారు, ఎకో పడుకోబెట్టి, ఎమ్మారై కూడా అంతే. బీపీ కూర్చోబెట్టి చూశారు. నా బాధేమో నిలబడితేనే. ఎవరి అవయవాన్ని వాళ్ళు బాగానే చూశారు, నన్ను నిలబెట్టినవాళ్ళు లేరు. నిజానికి ఓపీ లైనులో గంట నిలబడితే అన్నీ వచ్చేవి, టోకెన్ పిలిచేలోగా బెంచీ మీద కూలబడి సర్దుకునేదాన్ని.

హోల్టర్ (రోజంతా ఒంటికి కట్టి గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న యంత్రం) విషయంలో తప్పు నాదే. ఇరవై నాలుగు గంటలు ఛాతీకి తగిలించి పంపితే, వైర్లు ఊడతాయేమోనని లాడ్జిలో మంచం దిగలేదు. రిపోర్టు చక్కగా వచ్చింది. అది కట్టిన రోజు రోజూ చేసే పనులన్నీ చెయ్యాలి, బాధ వచ్చిన నిమిషం టైముతో సహా కాగితం మీద రాయాలి. యంత్రానికి బటన్ ఉంటే నొక్కాలి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో: ఒడిశా రేషన్ కార్డున్నవాళ్ళకి ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ పనికొస్తుంది గానీ అది ఆసుపత్రిలో చేరినవాళ్ళకి, ఓపీలో తిరుగుతూ చేయించుకునే పరీక్షలకి కాదు. ఇలాంటి జబ్బుకి ఖర్చంతా ఆ తిరుగుడులోనే.

చివరికి దారి చూపింది ఇంట్లో చేసిన పది నిమిషాల పరీక్ష. జబ్బకి కట్టే ఆటోమేటిక్ బీపీ మిషన్ చాలు, నాడి అంకె కూడా అదే చూపిస్తుంది. పట్టీ జబ్బకి సరిపోయే సైజు ఉండాలి, ఇరుకైతే అంకె దొంగగా పెరుగుతుంది. పొద్దున్నే, టీ తాగకముందు, టిఫిన్ తినకముందు చెయ్యాలి. పది నిమిషాలు కదలకుండా పడుకుని బీపీ, నాడి రాసుకోవాలి. లేచి, మడమలు గోడకి జానెడు దూరంలో పెట్టి, భుజాలు మాత్రం గోడకి ఆనించి నిలబడాలి. 1, 3, 5, 7, 10 నిమిషాలకి కొలవాలి. చెయ్యి వేలాడేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది, కొలిచేటప్పుడు గుండె ఎత్తున దేనిమీదైనా పెట్టాలి. మధ్యలో కాళ్ళు ఆడించకూడదు: పిక్కల కండ కదిలితే కిందికి దిగిన రక్తాన్ని పైకి తోసేస్తుంది, అంకెలు చెడిపోతాయి. పక్కన మనిషి లేకుండా చెయ్యొద్దు, పడిపోయేట్టుంటే వెంటనే ఆపి పడుకోవాలి.

నాకు పడుకున్నప్పుడు నాడి 72, పదో నిమిషానికి 118. బీపీ పెద్దగా కదల్లేదు. మూడు రోజులు వరసగా ఇంచుమించు అంతే.

లెక్క ఇది. పై బీపీ మూడు నిమిషాల్లో 20, లేదా కింది బీపీ 10 పడితే అది నిలబడితే బీపీ పడిపోయే జబ్బు. అలా పడకుండా, పెద్దవాళ్ళలో నాడి పది నిమిషాల్లోపు 30 లేదా అంతకుమించి పెరిగి, బాధలు మూడు నెలలుగా ఉంటే పాట్స్ (POTS, నిలబడితే నాడి విపరీతంగా పెరిగే జబ్బు) అనుమానిస్తారు. పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకి 40 పెరగాలి. రక్తహీనత, థైరాయిడ్, ఒంట్లో నీరు తగ్గడం, వాడుతున్న మందులు కూడా నాడిని ఇలాగే పరిగెత్తిస్తాయి కాబట్టి ముందు అవి తేలాలి.

ఈసారి ఫైలు చంకలో ఉంచి ఒక్క కాగితమే ముందు పెట్టాను: ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే వస్తుంది, ఏం చేస్తే పోతుంది, వాడిన మందులు, మూడు రోజుల పట్టిక. మరో గుండె డాక్టరు దాన్ని రెండు నిమిషాలు చూసి, అక్కడే గోడకి నిలబెట్టి తనే కొలిచారు. పాట్స్ అనే తేల్చారు, టిల్ట్ టేబుల్ (మనిషిని బల్లకి కట్టి నిలువుగా లేపి చూసే పరీక్ష) అవసరం పడలేదు.

ఇప్పుడు రోజుకి రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు, డాక్టరు చెప్పిన మేరకు ఎక్కువ ఉప్పు (బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు దీని జోలికి పోకూడదు), నాడి వేగం తగ్గించే ప్రొప్రనలాల్ చిన్న డోసు, నడుము దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు. మేజోళ్ళకి కొలత పొద్దున్నే, కాళ్ళు వాయకముందు తీసుకోవాలి: చీలమండ, పిక్క, తొడ, నడుము. మంచం దిగకముందే తొడుక్కోవాలి. మోకాలి దాకా వచ్చేవి అంతగా పనిచెయ్యవు, రక్తం చాలావరకు పొట్టలోనూ తొడల్లోనూ నిలుస్తుంది. రాయగడ ఎండల్లో మే నెలంతా వాటిని వేసుకోవడం మాత్రం నావల్ల కాలేదు, పొట్టకి పట్టీ ఒక్కటే బిగించుకుని నెట్టుకొచ్చాను.