కుదువ పెట్టిన కడియాలు

అట్టపెట్టె మూత తీసే ముందు చేతులకు నీలం గ్లవ్స్ తొడుక్కోవాలి. మన చెమట వస్తువుకి అంటుతుందని మాత్రమే కాదు, ఆ వస్తువులోని విషం మనకి అంటుతుందని కూడా. పురుగు పట్టకుండా వెనకటి మ్యూజియాల్లో చాలా వాటికి పాషాణం పూసేవారు. వందేళ్లయినా అది పోదు.

ఇంగ్లండ్‌లో మ్యూజియం ఆంత్రోపాలజీ చదువుతూ, వారానికి మూడు రోజులు ఒక మ్యూజియం గోదాంలో పని చేస్తున్నాను. మొన్న ఫిబ్రవరిలో నేను తెరిచిన పెట్టెలో ఒక ఆనపకాయ బుర్ర ఉంది. ఎండబెట్టి, గుల్ల చేసి, మెడ పట్టుకుని ముంచుకోడానికి వీలుగా కోసింది. పట్టుకునే చోట నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఎవరిదో చెయ్యి ఏళ్ల తరబడి అక్కడ ఆనింది. దారంతో కట్టిన చీటీ మీద 'సవర, గంజాం జిల్లా, కొన్నది' అని మాత్రం ఉంది. సవరలంటే కొండల్లో ఉండే గిరిజనులు.

గంజాం అంటే అందరూ ఒడిశా అనుకున్నారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా సిక్కోలు కూడా గంజాం జిల్లాలోదే. నేను పుట్టిన హిరమండలమూ అంతే. ఆ మాట చెప్పగానే మా సూపర్‌వైజర్ ముఖం వెలిగిపోయింది. "అయితే ఇది మీ వాళ్లదే! లేబుల్ నువ్వే రాయాలి" అంది.

ఆమె మనసు మంచిది. వస్తువు ఏ జనం దగ్గర్నుంచి వచ్చిందో వాళ్లని అడక్కుండా దాని గురించి రాయకూడదన్నది మా చదువులో మొదటి పాఠం. అయితే నేను సవర పిల్లని కాను. హిరమండలంలో బస్సెక్కితే సీతంపేట కొండలు గంట దూరం కూడా లేవు, అయినా నాకు సవర మాట ఒక్కటి రాదు. గిడుగు రామమూర్తి గారు వాళ్ల భాష నేర్చుకుని రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. దాన్ని మొదటిసారి చూసింది ఈ దేశపు లైబ్రరీలో. అందుకు ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను.

క్లాసులో ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యపు కంచు బొమ్మల గురించి మాట్లాడుకోవడం తేలిక. 1897లో బ్రిటిష్ సైన్యం వెళ్లి కొల్లగొట్టి తెచ్చింది, అందులో దాపరికం లేదు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 2022లో తన దగ్గరున్న 72 వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకి బదిలీ చేసింది. బ్రిటిష్ మ్యూజియంకి మాత్రం 1963 చట్టం అడ్డం. ఏవో కొన్ని సందర్భాల్లో తప్ప సేకరణలోంచి ఏదీ తీసి ఇవ్వడానికి వీల్లేదు. మన అమరావతి శిల్పాలు కొన్ని ఉన్నది అక్కడే.

నన్ను పట్టుకుని వదలనిది చీటీ మీది 'కొన్నది' అన్న మాట. కొండ మీదికి దొర బంట్రోతులతో వచ్చి, ఇంట్లో బుర్ర చూపించి అణా చేతిలో పెడితే, ఆ ఇంటావిడ ఇవ్వనని అనగలదా? కాయితం మీద అది కొనుగోలే.

ఆ రాత్రి మా తాత కొట్టు గుర్తొచ్చింది. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు సంతలో కొనేవాడు. పంటకి ముందు అప్పిచ్చి, పంట వచ్చాక తన తూకంతో తీసుకునేవాడు. ఆ తూకాలూ ఆ వడ్డీలూ భూములూ కలిసే కదా 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు భూస్వాముల తుపాకీ గుళ్లకి పడిపోయేదాకా వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీని కట్టడి చేసిన 1/70 చట్టం ఆ తర్వాతే వచ్చింది. మేం మ్యూజియంలో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇది ఎవరి చేతిలోంచి, ఎలా వచ్చింది? అదే ప్రశ్న మా ఇంటి మేడ మీది ట్రంకుపెట్టెని అడగాలనిపించింది. అందులో ఒక జత వెండి కడియాలు ఉండేవి. చిన్నప్పుడు ఆడుకుంటే అమ్మ తిట్టి దాచేసేది.

నాన్నకి ఫోన్ చేశాను.

"ఏటమ్మా, కుదువెట్టుకున్నాం గానీ దొంగిలించీసామేటి? ఆళ్లు మరి విడిపించుకోడానికి రానేదు."

నాకేం చెప్పాలో తోచలేదు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు, నమ్మి ఊరుకోడానికీ లేదు. తాత చిట్టాలున్నాయా అని అడిగాను. ఫోన్ పెట్టేశారు.

లేబుల్ నేను రాయలేదు. రాయాల్సింది సవర వాళ్లు కాబట్టి ముందు వాళ్లని వెతకమని నోట్ పెట్టాను. అడగడం తేలిక కాదని కూడా రాశాను. కొన్ని ఊళ్లు క్రైస్తవంలోకి వెళ్లాయి, మిగతావాళ్లు పాత దేవతల్ని కొలుస్తున్నారు, చదువుకున్న పిల్లల ఆలోచన మరోలా ఉంటుంది. ఒక్కరిని పిలిచి సంతకం తీసుకుంటే అదీ 'కొన్నది' లాంటిదే అవుతుంది.

నాలుగు రోజులకి నాన్న వాట్సాప్‌లో ఫొటో పంపారు. చెదలు తిన్న చిట్టా పుట, 1961. ఒక పేరు, కొండ మీది ఊరి పేరు, జత కడియాలు, పదకొండు రూపాయలు. తర్వాత ఫోన్ చేశారు.

"ఆ ఊరు ఇప్పటికీ ఉందమ్మా. నీకు సెలవులెప్పుడు?"

డిసెంబర్లో అన్నాను. అప్పటిదాకా కడియాల్ని చింతపండుతో తోమొద్దని, కంసాలికి చూపించొద్దని, ఆ చిట్టా పుట చింపొద్దని చెప్పాను.